గోవింద్ బాగ్‌లో ఒక సాయంత్రం

నిజామాబాద్ దాటిన రైలు గోదావరి వంతెన మీదికి రాగానే పెట్టెలో సగం మంది కిటికీల వైపు జరిగారు. కొందరు నాణేలు వేశారు, అమ్మ కళ్లకద్దుకుంది. బాసర స్టేషన్‌లో చాలామంది దిగిపోయారు. ఇన్నేళ్లూ మేమూ అక్కడే దిగి, అమ్మవారి దర్శనం చేసుకుని వెనక్కి వచ్చేవాళ్లం. ఈసారి మాత్రం నాందేడ్ దాకా టికెట్ తీసుకున్నాను.

ధర్మాబాద్‌లో చిన్నమ్మ ఎక్కింది. అక్కడికి కోడలిగా వెళ్లి నలభై ఏళ్లయింది. బజారులో మరాఠీ, ఇంట్లో తెలుగు. ఆ ఊరి మిర్చి మార్కెట్ ఘాటు ఆమె చేతిసంచిలోంచి కూడా వచ్చింది. మా కోసం రెండు కిలోల ఎండుమిర్చి తెచ్చింది. "అక్కా, బాసర దాకా వచ్చి వెనక్కి పోతుంటారు, ఇంకొంచెం ముందుకు రావడానికి ఇన్నేళ్లు పట్టిందా?" అని అమ్మను కోప్పడింది. ఆ మాట నాకూ తగిలింది.

నాందేడ్‌లో ముందుగా హజూర్ సాహిబ్ గురుద్వారాకు వెళ్లాం. సిక్కుల అయిదు తఖ్త్‌లలో, అంటే మతాధికార పీఠాలలో, ఇది ఒకటి. పదో గురువు గోవింద్ సింగ్ 1708లో ఇక్కడే దేహం చాలించారు. తన తరువాత మనుషుల్లో గురువు ఉండరని, గ్రంథసాహిబే గురువని ఇక్కడే ప్రకటించారు. ఇప్పుడున్న కట్టడాన్ని 1832 నుంచి 1837 వరకు మహారాజా రంజిత్ సింగ్ కట్టించారు. అప్పుడు ఈ నేల నిజాం రాజ్యంలోది, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. మా తాతల కాలంలో ఇది పొరుగు జిల్లా, అంతే.

తలకు రుమాలు కట్టుకుని లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే భోజనశాలలో, పంక్తిలో కూర్చున్నాం. వడ్డించేవారు రొట్టెల బుట్ట పట్టుకుని "ప్రసాదా, ప్రసాదా" అంటూ వచ్చారు. అక్కడ రొట్టెను అలాగే పిలుస్తారు. దోసిలి పట్టి అందుకోవాలి. అన్నం తప్ప రొట్టె ముట్టని అమ్మ ఆ పేరు విన్నాక రెండు తిన్నది.

ఎండ తగ్గాక గోవింద్ బాగ్‌కు వెళ్లాం. గురుద్వారాకు దగ్గరలోనే ఉన్న పెద్ద తోట అది. సెప్టెంబరు నెల, మధ్యాహ్నం జల్లు పడి పచ్చిక తడిగా ఉంది. చిన్నమ్మ సంచిలోంచి దుప్పటి తీసి పరిచింది. పంజాబ్ నుంచి వచ్చిన ముసలివాళ్లు, మరాఠీ కుటుంబాలు, దెగ్లూరు నుంచి వచ్చామంటూ తెలుగులో పలకరించిన ఒక ఇంటివాళ్లు, అందరూ చీకటి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. పిల్లలు మాత్రం ఒకరి భాష ఒకరికి రాకపోయినా అప్పటికే ఒక ఆట మొదలుపెట్టేశారు.

చీకటి పడ్డాక ఫౌంటెన్లు లేచాయి. నీటి మీద లేజర్ వెలుగులతో పదిమంది గురువుల కథ మొదలైంది. వ్యాఖ్యానం హిందీలో ఉంది. అమ్మకు రాదు. చిన్నమ్మ ఆమె చెవి దగ్గర ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పసాగింది. కాసేపటికి దెగ్లూరు వాళ్ల ముసలమ్మ కూడా మా దుప్పటి అంచుకు జరిగింది. ఆమె వెనకే కోడలు, ఇద్దరు పిల్లలు. చిన్నమ్మ గొంతు కొంచెం పెంచింది.

గోవింద్ సింగ్ పెద్ద కొడుకులిద్దరూ చంకౌర్ పోరులో పోవడం, చిన్నవాళ్లిద్దరినీ సర్‌హింద్‌లో గోడలో పెట్టి ఇటుకలు పేర్చడం చెబుతున్నప్పుడు చిన్నమ్మ మాట ఆగిపోయింది. ఎవరూ తరువాత ఏమైందని అడగలేదు. చాలాసేపటికి అమ్మ నెమ్మదిగా అంది: "నలుగురు కొడుకులూ పోయాక ఆ తండ్రి ఇంత దూరం వచ్చాడా?" చరిత్ర పుస్తకంలో నేను చదువుకున్నది ఒక తేదీ మాత్రమే. ఆ తడి పచ్చిక మీద అమ్మ అడిగాకే ఆయన నాకు మనిషిగా కనిపించారు. నా కొడుకు ఆట మానేసి వచ్చి నా ఒళ్లో కూర్చున్నాడు.

మరునాడు పొద్దున్నే నగీనా ఘాట్‌కు వెళ్లాం. గోదావరి నిండుగా ఉంది. మెట్ల మీద మాత్రం పూజకు తెచ్చిన ప్లాస్టిక్ సంచులు, వాడిన దండలు. చాలా బాధ అనిపించింది. మనం బాసరలో నెత్తిన చల్లుకునే నీళ్లు ఈ మెట్లను తాకే వస్తాయి. అమ్మ, చిన్నమ్మ చేతికందిన సంచులన్నీ ఏరి చెత్తబుట్టలో వేసి, ఆ తరువాతే నీళ్లలో దిగారు. ఇదే జిల్లాలోని కంధార్ కోట చూడాలని ఉన్నా వేళ చాలలేదు. దానికి మళ్లీ రావాలి.

తిరుగు రైలులో చిన్నమ్మ ధర్మాబాద్‌లో దిగిపోయింది. బాసర దాటి వంతెన మీదికి రాగానే అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని కిందికి చూసింది.

"పొద్దున మనం మునిగిన నీళ్లు ఇక్కడికి వస్తాయా బిడ్డా?"

"వస్తాయమ్మా. దారిలో గోదావరి మీదున్న బాబ్లీ బ్యారేజీ గేట్లు జూలై ఒకటి నుంచి అక్టోబరు 28 దాకా తెరిచే ఉంచాలని సుప్రీంకోర్టు చెప్పింది."

అమ్మ చీర కొంగు ముడి విప్పి ఒక నాణెం తీసింది.