బీఈడీ వైవాలో టోల్మన్ ఎలకలు: నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో బీఈడీ సైకాలజీ వైవా (నోటి పరీక్ష) గట్టెక్కింది. రికార్డు, చార్టులు పెద్ద కష్టం కాదు. సంతకాలు మాత్రం ముందే పెట్టించేసుకోండి, ఆఖరివారం ఎవరూ దొరకరు.

చింపాంజీలతో ప్రయోగాలు చేసిన సైకాలజిస్టు కోలర్ గురించి దాదాపు అందర్నీ అడుగుతున్నారు. ఆయన ప్రయోగాలు రెండూ కలిపేయకండి. పండు పైన వేలాడితే పెట్టెలు పేర్చడం. పండు బోను బయట ఉంటే సన్న వెదురుకర్రని లావు బొంగులో దూర్చి లాక్కోవడం. రెండోది చేసింది సుల్తాన్ అనే చింపాంజీ. అంతర్దృష్టికి (ఇన్‌సైట్) గుర్తులు కూడా అడుగుతారు: దారి ఒక్కసారిగా తట్టడం, మళ్ళీ అదే చిక్కు వస్తే తడుముకోకపోవడం, కొత్తచోట వాడగలగడం.

నా పరువు తీసింది తర్వాతి ప్రశ్న. ‘నేర్చుకోవడం అంటే?’ బయటనుంచి వచ్చిన సారుకి ‘ప్రవర్తనలో మార్పు’ అన్న ముక్క తప్ప ఇంకేదీ వినబడదు. మార్పు పైకి కనబడకపోయినా నేర్చుకోవడం జరిగిపోవచ్చన్నాను. ‘ఈ తెలుగువాళ్ళు ఒడియా పుస్తకం సరిగా చదవరు’ అని అందరిముందూ నవ్వాడు.

ఆయన నవ్విపారేసిన నా మాటని 1930లోనే టోల్మన్, హాన్‌జిక్ అనే సైకాలజిస్టులు ఎలకలతో చూపించారు. ఒక గుంపుకి చిక్కుదారి చివర రోజూ తిండి. ఒక గుంపుకి ఎప్పుడూ లేదు. మూడో గుంపుకి పది రోజులు ఏమీ పెట్టకుండా పదకొండో రోజు నుంచి పెట్టారు. మర్నాటికే దాని తప్పులు రోజూ తిన్న గుంపు స్థాయికి పడిపోయాయి. అంటే ఉత్తినే తిరిగినన్నాళ్ళూ దారి పటం బుర్రలో గీసుకుంటూనే ఉన్నాయి. వాడాల్సిన అవసరమే రాలేదు. బండూరా అనే ఇంకో సైకాలజిస్టు 1965లో పిల్లలతో చేసిందీ ఇలాంటిదే. బొమ్మని కొట్టినవాడికి శిక్ష పడ్డం చూసిన పిల్లలు తక్కువ అనుకరించారు. చేసి చూపిస్తే బహుమతి అనేసరికి మిగతా పిల్లలతో సమానంగా చేసేశారు.

మన ఇళ్ళలో తెలుగు, బడిలో ఒడియా. నెలల తరబడి నోరు విప్పని పిల్లకి ‘రాదు’ అని రాసేస్తారు, ఈ సారులాంటివాళ్ళే. మాట్లాడించి కొలవకండి. ‘కబాట బంద కర’ అని చేత్తో సైగ చెయ్యకుండా చెప్పండి. లేచి తలుపు వేసిందా, అర్థమైనట్టే. తర్వాత కథ చెప్పి బొమ్మలు వరసలో పెట్టించండి. నోటిమాట కావాలంటే మాట్లాడితేగానీ వంతు రాని ఆట పెట్టండి.

వైవాలో ఇలాంటివాళ్ళు తగిలితే ముందు ‘ప్రవర్తనలో మార్పు’ అనేసి మార్కులు వేయించుకోండి. టోల్మన్‌ని ఆ తర్వాత తియ్యండి. నేను ముందే తీశాను, అయినా పాసయ్యాను.