అదే సీడ్, వేరే కొండ

కొండలూ చెరువుల బొమ్మలు చేసుకునే నా 3D సాఫ్ట్‌వేర్‌కి మొత్తానికి కొత్త వెర్షన్ వేశాను. ఇష్టపడి కాదు. పాతది ఈమధ్య ప్రివ్యూ కిటికీ కాస్త పెద్దది చేస్తే చాలు చెప్పాపెట్టకుండా మూసుకుపోతోంది, సేవ్ చేసుకోని పనంతా దాంతోపాటే పోతోంది, ఇక విధిలేక వేశాను. ఇన్‌స్టాల్ అవుతూ అవుతూ పాతదాన్ని తీసేసింది. తీసెయ్యనా అని ఒక్క మాట అడగలేదు. నా తిక్క అక్కడే మొదలైంది.

ముందుగా ఏ ఫైలు తెరిచి ఉంటానో మీకు తెలుసు. చెరువు ఒడ్డున కొండ ఉన్న నా ఇష్టమైన బొమ్మ, ఆ చెరువు కొండే. "ఇది పాత ఫార్మాట్, కొత్తదానికి మార్చి తెరుస్తున్నాం" అని ఒక పెట్టె వచ్చింది, అందులో ఉన్నది ఒక్కటే బటన్. నొక్కాను. తెరుచుకుంది. నీళ్ళున్నాయి, ఆకాశం ఉంది, కెమెరా పెట్టినచోటే ఉంది. కొండ మాత్రం నాది కాదు.

మొదట కెమెరా కదిలిందేమో అనుకున్నా. లేదు. సూర్యుడు క్షితిజానికి 5 డిగ్రీల పైన, అదీ అంతే ఉంది. సీడ్, అంటే ఏ కొండ రావాలో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే సంఖ్య, అదీ అదే. ఎత్తు, ముడతల సైజు, పొరల లెక్క, అన్నీ అవే. పాత రెండర్, అంటే సాఫ్ట్‌వేర్ అప్పట్లో లెక్కేసి ఇచ్చిన పూర్తి బొమ్మ, పక్కన పెట్టుకుని చూస్తే గానీ తేడా ఏంటో అంతు చిక్కలేదు. శిఖరానికి ఎడమవైపు భుజం మీంచి చెరువు దాకా సన్నటి మడత ఒకటి దిగేది. సాయంత్రం ఎండ దానికి ఒకవైపే తగిలి రెండోవైపు చీకటిగా ఉండేది. అసలా బొమ్మంతా ఆ మడత కోసమే చేశాను. ఇప్పుడు అక్కడంతా నున్నగా ఉంది, దాని బదులు కుడివైపు ఎవరూ అడగని గుట్ట ఒకటి లేచింది.

చిన్నదాన్ని పిలిచి చూపించాను. మార్చి మార్చి చూసి "రెండూ ఒకటే కదమ్మా" అంది. సరిగ్గా చూడవే అంటే ఇంకాసేపు చూసి, "కాదులే, కొత్తదే బాగుంది, పాతదాంట్లో చెట్లు అతికించినట్టున్నాయి" అనేసి వెళ్ళిపోయింది. ఆయన సంగతి చెప్పేదేముంది, కుర్చీలోంచి లేవకుండానే "కొండే కదా, మళ్ళీ చేసుకో" అన్నారు.

మళ్ళీ చేసుకో! ఆ మాటకే ఒళ్ళు మండింది. ఈ సాఫ్ట్‌వేర్లలో కొండని ఎవరైనా చేస్తారా, వెతుక్కుంటారు గానీ. నాయిస్ అని ఒక లెక్క ఉంటుంది. దానికి ఒక సంఖ్య ఇస్తే ఒక నేల ఇస్తుంది, ఇంకో సంఖ్య ఇస్తే ఇంకో నేల. పెద్ద పెద్ద ఎత్తుపల్లాల మీద సగం సైజువి, వాటి మీద అందులో సగం సైజువి, అలా పేర్చుకుంటూ పోతే దూరం నుంచి చూసినా దగ్గరికెళ్ళి చూసినా రాయిలాగే కనిపించే నేల తయారవుతుంది. అలా సంఖ్యలు మార్చుకుంటూ, నచ్చనివి పారేసుకుంటూ, సెలవులన్నీ తగలేస్తే దొరికిన కొండ అది. మళ్ళీ చేసుకోవడానికి అది నేను చేసిందైతే కదా.

అసలు ఈ పిచ్చి నాకు అంటించింది అన్నయ్య. అప్పట్లో వాడి కంప్యూటర్‌లో బ్రైస్ అనే ఇలాంటి కొండల సాఫ్ట్‌వేరే ఉండేది. కొత్తగా వచ్చిన పిల్లలకి ఆ పేరే తెలియకపోవచ్చు, మొదటి వెర్షన్ 1994 నాటిది. అందులో రెండర్ మొదలుపెడితే ముందు పెద్ద పెద్ద గళ్ళు వచ్చేవి, ఏది నీళ్ళో ఏది మబ్బో తెలిసేది కాదు. తర్వాత గళ్ళు సగానికి చిన్నవయ్యేవి, మళ్ళీ సగానికి. నేనూ వాడూ మానిటర్ ముందు కూర్చుని ఆ ముదురు గడి చెట్టా నీడా అని పందేలు వేసుకునేవాళ్ళం. వాడే గెలిచేవాడు, ఎందుకంటే సీను పెట్టింది వాడే, ఏది ఎక్కడుందో ముందే తెలుసు, ఆ సంగతి నాకు చాలాకాలం తట్టలేదు. రాత్రి పడుకునే ముందు రెండర్ పెట్టి "ఆపొద్దు, కొండ వస్తోంది" అని కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించేవాడు. ఒకసారి తెల్లారి అమ్మ ఊడుస్తూ ఊడుస్తూ ప్లగ్గు పీకేసింది. కాగితం మానిటర్‌కి అంటించావు గానీ ప్లగ్గుకి అంటించావా అని వాడినే ఎదురు తిట్టింది. ఆ మర్నాటి నుంచి ప్లగ్గు దగ్గర కూడా కాగితం.

అన్నయ్య దగ్గర ఇంకో కథ ఉండేది, ఎవరొచ్చినా వినిపించేవాడు. లోరెన్ కార్పెంటర్ అని ఒకాయన బోయింగ్‌లో పనిచేస్తూ, పెద్ద ఆకారంలోని తీరే చిన్నవాటిలోనూ మళ్ళీ మళ్ళీ వచ్చే ఫ్రాక్టల్ లెక్కతో కొండల మీంచి ఎగిరినట్టు రెండు నిమిషాల యానిమేషన్ చేసి 1980లో సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సభలో చూపిస్తే, స్టార్ వార్స్ సినిమాల లూకస్‌ఫిల్మ్ వాళ్ళు ఉద్యోగమిచ్చి తీసుకుపోయారట. నిజమే, జరిగిందే అది. కానీ అన్నయ్య చెప్పే తీరు చూస్తే ఆ తర్వాత ఉద్యోగం వాడికే అన్నట్టుండేది. వాడు ఆ తర్వాత టెరాజెన్ అనే ఇంకో కొండల సాఫ్ట్‌వేర్‌కి మారాడు, ఉచితంగా వాడుకుంటే నేల ఎత్తులు గుర్తుపెట్టే చుక్కలు 513 కి 513 దాటకూడదన్న రోజుల్లో. అయిదు కిలోమీటర్ల నేలకి అన్ని చుక్కలంటే దాదాపు 10 మీటర్లకొకటి. అయినా ఆ పది మీటర్ల మధ్య ఏముందో మాకు కనిపించేది, లేనిది కూడా కనిపించేది. (నేనిప్పుడు వాడేది టెరాజెన్ కాదులెండి, పేరు చెప్పను, ఈ కోపంలో చెప్తే బాగుండదు.)

ఎక్కడికో పోయాను. చిరాకు దగ్గరికి వస్తా.

రెండర్ బటన్ ఎడమవైపు పైన మూలన ఉండేది, కళ్ళు మూసుకుని నొక్కేదాన్ని. ఇప్పుడది ఒక మెనూ లోపల ఇంకో మెనూలో ఉంది. ఖాళీ అయిన ఆ చోట్లో ఆన్‌లైన్ లైబ్రరీ అని ఒకటి పెట్టారు. అలవాటుగా చెయ్యి అక్కడికే పోతుంది, నొక్కగానే లాగిన్ అవ్వమని ఒక పలక తెరుచుకుంటుంది, అది మూసి మళ్ళీ పని మొదలెట్టి రెండు నిమిషాలు కాగానే మళ్ళీ అక్కడే నొక్కుతాను, మళ్ళీ పలక. ఇంతకుముందు రంగుల్లో ఉండే గుర్తులన్నీ బూడిద రంగులోకి వచ్చేశాయి, నీటి గుర్తుకీ పొగమంచు గుర్తుకీ తేడా తెలియాలంటే మౌస్ దాని మీద పెట్టి పేరు వచ్చేదాకా ఆగాలి. ఎవరికి చూపించి, ఎవరిని అడిగి మారుస్తారో ఇవన్నీ. పనిచేస్తున్నదాన్ని పనిచేస్తోంది కదా అని వదిలెయ్యకూడదా?

ఇక చెట్లు. ఫైలు తెరవగానే ఒడ్డునున్న చెట్లన్నీ తెల్లగా నిలబడ్డాయి. ఆకుల బొమ్మలుండే ఫోల్డర్ పాత వెర్షన్ తన కింద పెట్టుకుంది, పాతదాన్ని తీసేసినప్పుడు ఫోల్డర్ పేరూ మారింది, ఇప్పుడు ఒక్కో చెట్టుకీ ఇదిగో నీ ఆకులు ఇక్కడున్నాయి అని దారి చూపించాలి. బెరడుకి వేరే, ఆకుకి వేరే, ఆకు అంచు కత్తిరించే నలుపు తెలుపు బొమ్మకి వేరే.

దీనికితోడు డీనాయిజర్. ఎవరూ అడక్కుండానే ఆన్ చేసి ఇచ్చారు. తక్కువ శాంపిల్స్‌తో, అంటే ఒక్కో చుక్కకి వెలుతురు తక్కువసార్లు లెక్కేసి, రెండర్ చేసినప్పుడు వచ్చే గరుకుని తుడిచే యంత్రం అది, గదుల బొమ్మలకి, నున్నటి గోడలకి బ్రహ్మాండంగా ఉంటుంది. కొండల బొమ్మలో దూరాన ఉన్న గడ్డీ గరుకే, చిన్న రాళ్ళూ గరుకే, రెండర్ గరుకూ గరుకే. దానికి తేడా తెలియదు పాపం, అన్నీ కలిపి తుడిచేసింది. అవతలి ఒడ్డు అడవంతా ఆకుపచ్చ మరకైంది. నేను ముందు ఆ మరక చూసి కళ్ళజోడు తుడుచుకున్నాను.

ఇంతవరకూ రాసి, కొత్త వెర్షన్ వేసుకోవద్దని అందరికీ చెప్పి ముగిద్దామనే అనుకున్నా. కానీ ఆ మడత ఎందుకు పోయిందో తెలియకుండా తిట్టడమెలా అని విడుదల నోట్స్ మొత్తం చదివాను. చివర ఎక్కడో ఒకే ఒక్క లైను, నాయిస్ ఫంక్షన్ మెరుగుపరిచాం అని. అంతే. నా కొండ ప్రాణం తీసిన వాక్యం అంత పొట్టిది.

మెరుగు అంటే ఏం మెరుగో తెలియాలిగా. ఈ నాయిస్‌కి మూలం కెన్ పెర్లిన్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ ఆయన 1985లో ప్రచురించిన పద్ధతి. నేలని గళ్ళుగా ఊహించుకుని, ప్రతి గడి మూలలో ఒక వాలు పెట్టి, మధ్యలో ఒక వక్రంతో కలిపేస్తారు. ఆ వక్రం మొదట్లో మూడో ఘాతానిది. గడికీ గడికీ మధ్య ఎత్తు కలుస్తుంది, వాలు కలుస్తుంది, కానీ వంపు మాత్రం ఠక్కున మారిపోతుంది. మామూలుగా కంటికి ఆనదు. ఆ నాయిస్‌తో ఉపరితలాన్ని ఎత్తి, దాని మీద వెలుతురు పడితే గళ్ళ అంచులు గీతలుగా బయటపడతాయి. 2002లో పెర్లినే దాన్ని సరిచేశాడు, ఐదో ఘాతం వక్రం పెట్టి, మూలల్లో వాలుల ఎంపిక కూడా మార్చి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇన్నాళ్ళకి అలాంటిదే చేసినట్టున్నారు. వాలులు మారితే సీడ్ అదే అయినా కొండ వేరే అవుతుంది, గుట్ట సంగతి అది. మరి మడత?

చెట్లు ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి అప్పట్లో పైనుంచి తీసిన రెండర్ ఒకటి ఉంది, వెతికి తీశాను. నా మడత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది, ఉత్తరం నుంచి దక్షిణానికి. పెద్దది చేసి చూస్తే దానికి సమాంతరంగా, కచ్చితమైన ఎడంతో అటొకటి ఇటొకటి, అంతకంటే లేతగా. అంటే అది గడి అంచు. సూర్యుణ్ణి 5 డిగ్రీలకి దించడంతో ఆ ఒక్కటి బాగా పైకి కనిపించింది. వానా గాలీ కోసిన లోయ అని నేను మురిసిపోయింది లెక్కలో మిగిలిపోయిన కుట్టు.

కాసేపు ఏమీ తోచలేదు. తర్వాత సీన్లో ఒక్కోటీ తీసి చూడడం మొదలెట్టాను. పాత వెర్షన్‌లో నేల మీంచి నేల మీదకి పడే వెలుతురు లెక్క లేదు, నీడలు నల్లగా వచ్చేవి, అందుకని కెమెరా వెనక ఇంకో దీపం దాచాను. కొత్తది ఆ వెలుతురు తనే లెక్కేసుకుంటుంది, దాని మీద నా దీపం కూడా కలిసి అంతా వెలిసిపోయింది. దీపం తీసేశాను. సంజె ఆకాశానికి నీలం రావట్లేదని పొగమంచుకి నీలం కలిపి ఉంచాను. కొత్త వెర్షన్‌లో గాలిలోని ఓజోన్ లెక్క కూడా ఉంది. పొద్దు గూకాక నడినెత్తిన ఆకాశం నీలంగా ఉండేది ముఖ్యంగా దానివల్లే, నారింజ ఎరుపు వెలుగుని కొంత అది మింగేస్తుంది. నా నీలం తీసేసి ఓజోన్‌కి వదిలేశాను. అబ్బ, ఆ ఆకాశం! ఇన్నేళ్ళు నేను కలిపిన ఏ రంగూ అలా రాలేదు. ప్రివ్యూ కూడా తిప్పినంతసేపూ తిరుగుతోంది, మూసుకుపోలేదు. చిన్నది చెప్పింది నిజమే కావచ్చు, కొత్తదే బాగుంది.

అయినా ఆ మడత నాకు కావాలి. కుట్టు అయితే ఏంటి? బొమ్మలో అది లోయే.

అన్నయ్యకి ఫోన్ చేశా, ఇంత రాత్రప్పుడా అని విసుక్కుంటూనే ఎత్తాడు. "పాత ఇన్‌స్టాలర్ నా డ్రైవ్‌లో ఉంటుంది, పంపిస్తాలే. కానీ నువ్వు మార్చిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు చూసుకో" అన్నాడు. అసలు ఫైలు కాపీ విడిగా ఉంది, దానికి ఢోకా లేదు. పాత వెర్షన్ వేరే ఫోల్డర్‌లో పెట్టుకుని, అందులో కొండని హైట్‌ఫీల్డ్‌గా, అంటే ఒక్కో చోటు ఎత్తు రాసిపెట్టిన పటంగా, బయటికి తీసి, దాన్ని కొత్తదాంట్లోకి తెచ్చుకోమన్నాడు. అప్పుడు నాయిస్ ఎవరు మార్చినా నా ఎత్తులు కదలవు. 8 బిట్‌లో తియ్యకూడదు, ఎత్తుకి ఉండేవి 256 మెట్లే, 600 మీటర్ల కొండకి ఒక్కో మెట్టు రెండు మీటర్ల పైనే వచ్చి వాలంతా గట్లు గట్లుగా ఉంటుంది. 16 బిట్‌లో 65,536 మెట్లు, ఒక్కోటి సెంటీమీటరుకి లోపే, అది చాలు. అన్నయ్య 32 అంటాడు, వాడికన్నీ ఎక్కువే కావాలి. అయిదు కిలోమీటర్ల నేలకి 4097 కి 4097 చుక్కలు తీస్తే 1.2 మీటర్లకొకటి పడుతుంది. హైట్‌ఫీల్డ్‌లో ఒక చోటికి ఒకటే ఎత్తు కాబట్టి శిఖరం కింద ముందుకి పొడుచుకొచ్చిన ఆ బండ పోతుంది, దాన్ని మళ్ళీ పైన వేరేగా పెట్టుకోవాలి.

ఇన్‌స్టాలర్ వచ్చింది. ఈసారి ముందు కొత్తదాని ఫోల్డర్ కాపీ తీసుకుంటున్నా, పాతది వస్తూ వస్తూ దాన్ని తీసేస్తుందేమో, వీళ్ళని నమ్మలేం.