తాతయ్య కేసు కట్టలు, లింకన్ జీను సంచులు

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో పిల్లల్ని పెంచుతూ అబ్రహాం లింకన్‌కి దూరంగా ఉండడం కుదరదు. కార్ల నంబరు ప్లేట్ల మీద ఆయనే. ఫిబ్రవరి 12న సెలవు ఆయన పుట్టినరోజుకే. మేముండే బ్లూమింగ్టన్‌లో పాత కోర్టు భవనం ముందు బెంచీ మీద కూర్చున్న కంచు మనిషి కూడా ఆయనే.

మా అమ్మాయి నాలుగో తరగతి. వాళ్ళ బడిలో ప్రతి ఏడూ ఒక ప్రదర్శన పెడతారు. ప్రతి పిల్లా ఒక ప్రముఖుడి వేషం వేసుకుని మైనపు బొమ్మలా కదలకుండా నిలబడాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందున్న కాగితం గుండీని నొక్కగానే, ఆ మనిషే మాట్లాడుతున్నట్టు తన కథ చెప్పాలి. మా పిల్లకి చీటీలో లింకన్ వచ్చాడు. అధ్యక్షుడు లింకన్ ఇంకో పిల్లవాడికి వెళ్ళాడు. మా పిల్లకి వచ్చింది లాయరు లింకన్, అంటే 1860కి ముందు మనిషి.

నిజం చెప్పాలంటే నాకు కాస్త మనసు చివుక్కుమంది. లాయరు ఎలా బతుకుతాడో చెప్పడానికి మా ఇంట్లోనే ఒకాయన ఉన్నారు. మా నాన్న రేపల్లెలో నలభై ఏళ్ళు ప్లీడరీ చేశారు. మునిసిపల్ కౌన్సిలర్‌గా రెండుసార్లు గెలిచారు, ఒకసారి ఓడిపోయారు. ఆయన సంగతులు చెప్పబోతే మా పిల్ల రెండు నిమిషాలు వినేది కాదు. ఆదివారం వీడియో కాల్‌లో "బాగున్నారా తాతయ్యా?", "బాగున్నాను తల్లీ, తిన్నావా?", "తిన్నాను", అంతే. ఫోన్ నా చేతికి వచ్చేసేది. ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న ప్రతి ఇంట్లోనూ ఈ మూడు మాటలే తిరుగుతుంటాయని నాకు తెలుసు. పిల్లలకి ప్రేమ లేక కాదు. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ కలిసి తెలిసిన విషయం ఒక్కటీ ఉండదు.

ఆ విషయాన్ని పందులు తెచ్చాయి.

నేను నాన్నతో మాట్లాడుతుంటే మా పిల్ల పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మా, లాయర్ పందుల గురించి కోర్టుకి ఎందుకెళ్ళాడు?" అంది. అటువైపు నాన్న విన్నారు. "ఎవరి పందులమ్మా?" అన్నారు. అది వీధి తగాదా విన్న ప్లీడరు గొంతు. లింకన్ ఇరవై అయిదేళ్ళ వకీలు జీవితంలో అయిదు వేలకు పైగా కేసులు చూశాడు. వాటిలో చాలావరకు చిన్న తగాదాలే. తీర్చని అప్పులు, ప్రామిసరీ నోట్లు, పొలం గట్లు, ఒకరినొకరు తిట్టుకున్న పరువు నష్టం దావాలు, పక్కవాడి చేలో పడ్డ పశువులు. ఫీజు మామూలుగా అయిదు డాలర్లు, పది డాలర్లు, ఇరవై.

"నా మొదటి కేసు గేదె తల్లీ," అన్నారు నాన్న. ఒకరి గేదె ఇంకొకరి వరి చేలో పడింది. చేనుగలాయన దాన్ని బందెలదొడ్డికి తోలాడు. గేదె ఆసామి రాత్రికి రాత్రి తాళం పగలగొట్టి తోలుకుపోయాడు. బందెలదొడ్డి అంటే ఏమిటో నాకు ఇంగ్లీషులో చెప్పడం రాలేదు. నాన్నే తెలుగులోనే విడమరిచి చెప్పారు, చేతులతో గోడలు కడుతూ, తలుపు వేస్తూ. మా పిల్ల నలభై నిమిషాలు కదల్లేదు. "గేదె ఏ రంగు?" దగ్గర్నుంచి "తాళం ఎవరు కొనిచ్చారు?" దాకా అడిగింది.

అప్పట్నుంచి ఆదివారాలు వాళ్ళిద్దరివీ. తను చదివింది తను చెప్పేది. నాన్న దాన్ని రేపల్లెకి తిప్పి చెప్పేవారు.

లింకన్ పని తీరు వింటే నాన్నకి ముచ్చటేసింది. ఆ రోజుల్లో ఎనిమిదో జుడీషియల్ సర్క్యూట్ అంటే 14 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), 400 మైళ్ళకు పైగా చుట్టు. వసంతంలో ఒకసారి, ఆకులు రాలే కాలంలో ఒకసారి, జడ్జీ లాయర్లూ కలిసి ఊరూరూ తిరిగేవారు. ఒక్కో విడతకి రెండు నెలలు పైనే. రోడ్లు లేవు, వాగుల మీద వంతెనలు లేవు. లింకన్ పొడుగు టోపీలో ఉత్తరాలు, కాగితాలు పెట్టుకుని గుర్రం మీద, తర్వాత తర్వాత బగ్గీలో వెళ్ళేవాడు. రాత్రికి సత్రంలో ఒక్కో మంచం మీద ఇద్దరు లాయర్లు. జడ్జి డేవిడ్ డేవిస్‌ది మా బ్లూమింగ్టనే. దాదాపు మూడు వందల పౌన్ల భారీ మనిషి కాబట్టి ఆయనకి మాత్రం విడిగా మంచం. భోజనాల బల్ల దగ్గర జడ్జి, లాయర్లు, సాక్షులు, ఒక్కోసారి జామీను మీద ఉన్న ముద్దాయి కూడా పక్కపక్కనే.

కోర్టు వారం వచ్చిందంటే చుట్టుపక్కల పల్లెలన్నీ కౌంటీ ఊరికి దిగేవి. కేసు ఉన్నవాడు కేసుకి, లేనివాడు తమాషాకి. అంత జనం మళ్ళీ ఎప్పుడు దొరుకుతారు? అందుకే పగలు కోర్టులో వాదించిన లాయరే సాయంత్రం మెట్ల మీద నిలబడి రాజకీయ ఉపన్యాసం ఇచ్చేవాడు. ఊరూరా ఎవరి పొలం ఎక్కడుందో, ఎవరికి ఎవరితో పడదో తెలిసిపోయేది. దీనికి నాన్న వివరణ ఏమీ అడగలేదు. వాయిదాల రోజున కోర్టు ఎదుట టీ బడ్డీ దగ్గర ఎన్నిక సగం తేలిపోతుందని ఆయనకి తెలుసు.

ఎన్నికల భాగం నాన్నకి మరీ ఇష్టం. లింకన్ 1832లో మొదటిసారి శాసనసభకి నిలబడి ఓడిపోయాడు. 13 మందిలో 8వ స్థానం. కానీ తానుండే న్యూసేలం పల్లెలో పడిన 300 ఓట్లలో 277 ఆయనవే. "సొంత వార్డులో ఓడిపోలేదన్నమాట," అన్నారు నాన్న, చాలా తృప్తిగా. రెండేళ్ళకి మళ్ళీ నిలబడి గెలిచాడు, వరసగా నాలుగుసార్లు. మధ్యలో ఆ పల్లెకి పోస్టుమాస్టరు, సర్వేయరు. పుస్తకాలు అరువు తెచ్చుకుని సొంతంగా లా చదివి 1836లో లైసెన్సు తెచ్చుకున్నాడు. 1837లో రాష్ట్ర రాజధానిని వాండేలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మార్చేలా శాసనసభలో ఓటు వేయించినవాళ్ళలో ఆయనది పెద్ద చెయ్యి. రాజధాని మార్పు అన్న మాట చెవిన పడ్డాక ఆ ఆదివారం ఇంకో విషయం సాగలేదు. మా పిల్లకి అమరావతి కథ మొత్తం తెలిసింది ఆ రోజే.

స్ప్రింగ్‌ఫీల్డ్ మాకు అరవై అయిదు మైళ్ళు, ఐ-55 మీద గంట దారి. ఒక శనివారం వెళ్ళి ఆయన ఆఫీసు, ఇల్లు చూసి వచ్చాం. ఎయిత్ వీధి, జాక్సన్ వీధి మూల మీద ఇల్లు. 1844లో కొన్నాడు. పేరున్న లాయరు అయ్యాక కూడా ఆవు పాలు తనే పితికేవాడు, కట్టెలు తనే కొట్టేవాడు. మా పిల్లని పట్టేసింది మాత్రం ఆఫీసు గది. భాగస్వామి విలియం హెర్న్‌డన్‌కి ఆ గదిలో ఒక పెద్ద బాధ ఉండేది. ఆదివారాలు లింకన్ తన చిన్నపిల్లలు విల్లీ, టాడ్‌లను తీసుకొచ్చేవాడు. వాళ్ళు పుస్తకాలు లాగేసి, సిరాబుడ్లు ఒలకబోసి, పొయ్యిలో బూడిద కాగితాల మీద చల్లేవారు. తండ్రి పల్లెత్తు మాట అనేవాడు కాదు. లింకన్ సర్దుకునే తీరూ అంతంత మాత్రమే. ఒక కాగితాల కట్ట మీద, ఎక్కడా దొరక్కపోతే ఇందులో వెతుకు అని రాసుకున్నాడట.

ఆ సంగతి మా పిల్ల చెప్పగానే నాన్న నవ్వి, "మీ అమ్మనడుగు, దండ సంగతి," అన్నారు.

నాకు ఆరేళ్ళు. వసారాలో నాన్న బల్ల మీద కేసు కట్టలు ఉండేవి, ఒక్కో కట్టకి అడ్డంగా నిలువుగా తెల్లని నూలు దారం. బొమ్మ పెళ్ళికి బంతిపూల దండ గుచ్చడానికి దారం దొరకలేదు. పదకొండు కట్టలు విప్పేశాను. మధ్యాహ్నం గాలికి వకాల్తాలు, నోట్లు, దావా నకళ్ళు కలగలిసి పెరట్లో జామచెట్టు దాకా వెళ్ళాయి. గుమాస్తా గారు తల పట్టుకు కూర్చున్నారు. సాయంత్రం నాన్న కోర్టు నుంచి వచ్చి, కోటు మేకుకి తగిలించి, నా పక్కన కింద కూర్చుని కాగితాలు ఏరారు. తిట్టలేదు. రాత్రి భోజనాలయ్యాక లాంతరు పెట్టుకుని గుమాస్తా గారూ ఆయనా మళ్ళీ కట్టలు కట్టడం నిద్రలో చూసినట్టు గుర్తు.

నాన్నతో నాకున్న దగ్గరి జ్ఞాపకం అదొక్కటే. మిగతావన్నీ ఆ నల్లకోటు వీపు. పగలు కోర్టు, సాయంత్రం అరుగు మీద పార్టీలు, రాత్రి వార్డు మీటింగులు. ఒకే ఇంట్లో ఉండి ఆయన మాట నాకు తలుపు అవతల నుంచే వినపడేది. లింకన్ పెద్దకొడుకు రాబర్ట్ మాట చదివినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. చిన్నప్పుడు నాన్న ఎప్పుడూ కోర్టులకో రాజకీయ సభలకో వెళ్ళి ఉండేవాడని అతను తర్వాత రాశాడు. తనకి స్పష్టంగా గుర్తున్నది నాన్న ఊళ్ళకి పోతూ జీను సంచులు సర్దుకోవడమేనన్నాడు. మిగతా లాయర్లు శనివారాలు ఇళ్ళకి పోతే లింకన్ సర్క్యూట్‌లోనే ఉండిపోయేవాడని జడ్జి డేవిస్ కూడా చెప్పాడు. అంత చల్లని తండ్రే.

తర్వాత ఒక కష్టమైన ఆదివారం వచ్చింది. 1841లో నాన్స్ అనే నల్లజాతి అమ్మాయిని అమ్మిన నోటు మీద కేసులో, ఇల్లినాయ్‌లో మనిషిని అమ్మకూడదని వాదించి లింకన్ రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచాడు. 1847లో కోల్స్ కౌంటీలో మాత్రం, జేన్ బ్రయంట్ అనే తల్లిని, నలుగురు పిల్లల్ని బానిసలుగా వెనక్కి ఇప్పించమన్న కెంటకీ యజమాని తరఫున నిలబడ్డాడు. ఓడిపోయాడు. ఆ తల్లీపిల్లలు స్వతంత్రులయ్యారు. మా పిల్ల ఏడ్చింది. "తాతయ్యా, మంచివాడు కదా, ఎందుకు ఒప్పుకున్నాడు?" నేనైతే ఏదో సర్దిచెప్పేదాన్ని.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత తను గెలిచిన ఒక కేసు గురించి చెప్పారు. భూస్వామి తరఫున కౌలుదారు మీద వేసిన దావా. కాగితాలన్నీ భూస్వామి వైపే ఉన్నాయి. తీర్పు వచ్చిన నెలకి ఆ కౌలు రైతు పెళ్ళాం పిల్లలతో ఊరు విడిచి వెళ్ళాడు. బస్సెక్కుతూ నాన్నకి నమస్కారం పెట్టాడట. "కొన్ని వకాల్తాలు పుచ్చుకోకూడదు తల్లీ. నేను పుచ్చుకున్నాను," అన్నారు. నలభై మూడేళ్ళ వయసులో నేను ఆ మాట మొదటిసారి విన్నాను. నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల, వత్తులు సరిగ్గా పలకని తెలుగులో, అడిగింది.

ఇంకొకటి నేను ఒక్కదాన్నే చదువుకున్నాను, పిల్లకి చెప్పలేదు. లింకన్ తండ్రి థామస్ అదే కోల్స్ కౌంటీలో ఉండేవాడు, స్ప్రింగ్‌ఫీల్డ్‌కి వంద మైళ్ళు అటూ ఇటూ. తన పేరు కష్టం మీద రాయగల రైతు. కొడుకు పట్నం లాయరు. తాత మనవల్ని ఒక్కసారి కూడా చూడలేదని చరిత్రకారులు రాస్తారు. 1851 జనవరిలో తండ్రి మంచాన పడ్డాడని కబురొస్తే, భార్య బాలింత, జబ్బుగా ఉంది, ఇప్పుడు కలిసినా సంతోషం కన్నా బాధే ఎక్కువ కావచ్చునని లింకన్ ఉత్తరం రాశాడు. 17వ తేదీన థామస్ పోయాడు. కొడుకు వెళ్ళలేదు. మధ్యలో సముద్రం లేదు, వీసా స్టాంపింగ్ టెన్షన్ లేదు. రెండు మూడు రోజుల గుర్రం దారి. ఆయన రోజూ తిరిగే దారులే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరేళ్ళుగా రేపల్లె వెళ్ళకపోవడానికి నా దగ్గర ఉన్న కారణాలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి చూసుకున్నాను. అన్నీ నిజమైనవే. పొద్దున లేచి జూన్‌కి టికెట్లు కొన్నాను.

ప్రదర్శన బాగా జరిగింది. నల్ల అట్టతో చేసిన టోపీ, అందులో నాలుగు ఉత్తరాలు. గుండీ నొక్కినవాళ్ళకి మా పిల్ల పందుల కేసు చెప్పింది, 277 ఓట్లు చెప్పింది, జేన్ బ్రయంట్ కేసు కూడా దాచకుండా చెప్పింది. చివర్లో టీచరుకి, మా తాతయ్య కూడా ఇలాంటి లాయరేనని, ఆయన మొదటి కేసు గేదె అని చెప్పిందట.

ఇప్పుడు నాన్న అటక మీది కట్టలు దింపిస్తున్నారు. పాత గుమాస్తా గారి అబ్బాయి వచ్చి దుమ్ము దులుపుతున్నాడు. మొన్న ఆదివారం కెమెరా ముందు ఒక్కొక్కటే పట్టుకుని చూపించారు. గేదె కేసుది దొరకలేదు. కౌలు కేసుది దొరికింది. దారం పసుపు రంగుకి తిరిగింది, ముడి మాత్రం గట్టిగా ఉంది. విప్పబోతుంటే మా పిల్ల ఫోన్‌లోంచి "వద్దు తాతయ్యా, నేనొచ్చాక!" అని అరిచింది. నాన్న ఆ కట్టని విడిగా, తన మంచం పక్క బల్ల మీద పెట్టుకున్నారు.