రబ్బరుతో చెరిపేసిన రీడింగు

మొన్న తొమ్మిదో తరగతి పిల్లల రికార్డులు దిద్దుతుంటే ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ద్రావణీయత ప్రయోగం, అంటే నీళ్లలో గరిష్ఠంగా ఎంత కరుగుతుందో చూసేది, ఉప్పుతో చేసింది. 50 మిల్లీలీటర్ల మామూలు నీళ్లలో 18 గ్రాములు కరిగింది అని రాసి ఉంది, బాగానే ఉంది. కింద వేడినీళ్లు అన్న గడిలో ముందు 19 అని రాసి, కాగితం పల్చబడేదాకా రబ్బరుతో రుద్దేసి, దాని మీద 30 అని దిద్దింది. లైటు కింద పెట్టి చూస్తే ఆ 19 ఇంకా లీలగా కనపడుతోంది.

ఆ రికార్డు రాసిన అమ్మాయిని పిలిచి అడిగితే చాలాసేపు నోరు విప్పలేదు. ఆఖరికి "వేడినీళ్లలో ఎక్కువ కరగాలి కదా మేడమ్, మాది తప్పొచ్చిందేమో అని" అంది. ఆ రోజంతా నాకు అదే మనసులో తిరిగింది, ఎందుకంటే ఆ పిల్ల చెరిపేసిందే కరెక్టు. వంద మిల్లీలీటర్ల నీళ్లు 20 డిగ్రీల దగ్గర సుమారు 36 గ్రాముల ఉప్పు పట్టుకుంటాయి, మరిగే నీళ్లు పట్టుకునేది 39 మాత్రమే. ఉప్పుకి వేడితో పెద్ద పని లేదు. పంచదార అలా కాదు, 20 డిగ్రీల దగ్గరే 200 గ్రాములు దాకా కరుగుతుంది, మరిగే నీళ్లలో అయితే 480 దాటిపోతుంది. పిల్లలందరికీ ఇంట్లో టీ అనుభవం ఉంది కాబట్టి అన్నీ పంచదారలాగే ఉంటాయనుకుంటారు, పైగా మనమూ క్లాసులో "వేడి పెరిగితే కరగడం పెరుగుతుంది" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాం.

నేను ఇంటర్ చదివిన చోట ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి ఎక్కించుకోవడమే, పిపెట్ చేత్తో పట్టుకున్నది రెండేళ్లలో మూడుసార్లో నాలుగుసార్లో. అందుకే మా బడిలో పిల్లలు వాళ్ల చేత్తో చేసి తెచ్చిన అంకె చెరిపేసుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మర్నాడు క్లాసంతటితో మళ్లీ చేయించా, ఈసారి రబ్బర్లు అన్నీ నా బల్ల మీద పెట్టించి.

ఈ ప్రయోగం చూడటానికి తేలిక గానీ అసలు కష్టమంతా ఒక్క దగ్గర ఉంది, ఇంక కరగదు అని ఎప్పుడు చెప్పాలి? పిల్లలు పది సెకన్లు కలిపి అడుగున గింజలు కనపడగానే "అయిపోయింది మేడమ్" అంటారు. ఇంకో రెండు నిమిషాలు గాజుకడ్డీతో తిప్పమంటే ఆ గింజలు మాయం. పైగా ప్యాకెట్ ఉప్పులో గడ్డకట్టకుండా ఏదో ఒకటి కలుపుతారు, దాంతో నీళ్లు కాస్త మసకగా అవుతాయి, ఆ మసకని చూసి కరగలేదేమో అనుకుంటారు. కల్లుప్పు కడిగి ఎండబెట్టి దంచి వాడితే ఆ గొడవ ఉండదు. వేడినీళ్ల బీకరు మీద మూత కూడా పెట్టాలి, లేకపోతే ఆవిరైపోయి నీళ్లే తగ్గిపోతాయి, అప్పుడు మన లెక్క దేనికీ కొరగాదు.

మా బడి నౌపడా ఉప్పు మడులకి దగ్గరే, క్లాసులో నలుగురైదుగురు పిల్లల ఇళ్లల్లో మడుల పనికి వెళ్లేవాళ్లున్నారు. అందరికీ 18, 19 దగ్గరే అంకెలు వచ్చాక నేను ఇంకో లెక్క వేయించా. సముద్రపు నీళ్లు లీటరులో ఉప్పులన్నీ కలిపి 35 గ్రాములు ఉంటాయి, మనం చూసిందేమో లీటరుకి 360 దాకా కరుగుతుందని, మరి మడిలో ఉప్పు ఎప్పుడు గింజ కట్టాలి? పది వంతుల్లో తొమ్మిది వంతుల నీళ్లు ఎండకి ఎగిరిపోయాక! వెనక బెంచీ కుర్రాడొకడు లేచి "అందుకే మేడమ్ నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి మారుస్తూ పోతారు, మా నాన్న గాజు మీటరు వేసి డిగ్రీలు చూస్తాడు, 25 వచ్చాకే ఉప్పు మడిలోకి వదులుతారు" అన్నాడు. ఆ డిగ్రీలు వేడివి కావు, బోమే డిగ్రీలు, ద్రవం ఎంత చిక్కబడిందో తెలిపేవి. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఉప్పు నీళ్లని కాచి చల్లారిస్తే ఉప్పు రాలదు, నీళ్లని ఎగరగొట్టాల్సిందే, అందుకే ఉప్పుకి ఎండ కావాలి, పటికబెల్లానికేమో చిక్కటి పాకం మెల్లగా చల్లారితే చాలు. చిన్నప్పటి నుంచి మడుల గట్ల మీద నడిచిన పిల్లలకి ఆ తేడా వాళ్ల బీకర్లోనే దొరికింది.

తర్వాత సూరేకారం, అంటే పొటాషియం నైట్రేట్. ఇది తాళం వేసిన బీరువాలో ఉంటుంది, చెంచా లెక్కన నేనే ఇస్తా. పరీక్షనాళికలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల సూరేకారం. కలుపుతుండగానే నాళిక చల్లబడిపోతుంది, చేతిలో ఐసు పట్టుకున్నట్టు, బయట చెమ్మ కూడా పట్టింది. ముట్టుకున్న ప్రతివాళ్లూ పక్కవాళ్ల బుగ్గకి ఆనించి చూశారు. మామూలుగా సగం కూడా కరగదు. వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి 60 డిగ్రీలు దాటిస్తే మొత్తం కరిగి అద్దంలా అయిపోతుంది. బయటికి తీసి తడిగుడ్డ చుట్టి కదపకుండా ఉంచితే, ముందు ఏమీ ఉండదు, ఏమీ ఉండదు, అంతలో గోడ పక్క నుంచి సన్నటి సూదొకటి మొలుస్తుంది, దాని పక్కన ఇంకోటి, నిమిషంలో నాళిక నిండా తెల్లటి సూదులే. క్లాసులో నలభై మంది ఉంటే ఒక్కరూ మాట్లాడలేదు.

ఇక్కడ కూడా అదే భయం వచ్చింది. పుస్తకంలో వంద గ్రాముల నీళ్లకి 32 అని ఉంది, వీళ్లకి 45 వచ్చింది. పుస్తకం అంకె 20 డిగ్రీలది. మా ఊళ్లో మధ్యాహ్నం పూట 20 డిగ్రీలు ఎక్కడుంది? థర్మామీటరు పెట్టి చూస్తే నీళ్లు 30 దగ్గర ఉన్నాయి, 30కి సరైన విలువ 46. అంటే పిల్లలు చాలా మంచిగా చేశారన్నమాట.

ద్రవాల లక్షణాల పాఠానికి మాకు పెద్దగా సామాను అక్కర్లేదు. రూపాయి బిళ్ల మీద డ్రాపర్‌తో నీటిచుక్కలు వేస్తూ లెక్కపెట్టడం, ఒకమ్మాయి 41 దాకా తీసుకెళ్లింది, నీళ్లు బిళ్ల మీద గుమ్మటంలా ఉబ్బి వణుకుతున్నాయి. గిన్నెలు తోమే సబ్బు కొంచెం కలిపితే 22కే జారిపోయింది. ఈ తలతన్యత, అంటే నీటి పైపొర బిగుతుగా పట్టి ఉండే గుణం, దాని సంగతి చెప్పేటప్పుడు ఆగ్నెస్ పోకెల్స్ గురించి తప్పకుండా చెప్తా. జర్మనీ ఆవిడ, 1862లో పుట్టింది, ఆడపిల్లలకి యూనివర్సిటీలో సీటు లేని కాలం, ఇంటిపని చేసుకుంటూ వంటింట్లోనే తొట్టి ఒకటి తయారుచేసుకుని నీటి పైపొర మీద నూనె, మురికి ఏం చేస్తాయో పదేళ్లు కొలిచింది. 1891లో ఆ కొలతలన్నీ బ్రిటన్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే ఆయన దాన్ని నేచర్ పత్రికలో వేయించాడు. మా ఆడపిల్లలు పొద్దున్నే అంట్లు తోమి బడికి వచ్చేవాళ్లు, వాళ్ల మొహాలు అప్పుడు చూడాలి.

ద్రవం ఎంత చిక్కగా ఉందో తెలియడానికి ఆముదంలో గోళీ వేసి అది అడుక్కి చేరే టైము చూడటం కూడా చేశాం, అది మీరే ఇంట్లో చేసుకోవచ్చు.

ఇక సున్నపు తేట. వేడి చేస్తే కరిగే గుణం తగ్గేదాన్ని కూడా పిల్లలు చూడాలని నా పట్టుదల. తేట నీళ్లని వేడినీళ్ల గిన్నెలో పెడితే కాసేపటికి పాలచుక్క వేసినట్టు మసకబారింది. సున్నం వేడినీళ్లలో తక్కువ కరుగుతుంది, మిగతాది బయటపడుతుంది అని నేను చెప్పబోతుంటే, ఆ రబ్బరు పిల్లే లేచింది. "గాలి ఊదితే కూడా తెల్లగా అవుతుంది కదా మేడమ్, ఇది వేడి వల్లో గాలి వల్లో ఎలా తెలుస్తుంది?" అంది.

ఎలా తెలుస్తుందో మీరే చెప్పండి అన్నా. పావుగంట వాదులాడుకున్నారు. చివరికి వాళ్లు తేల్చింది, వేడి వల్ల అయితే చల్లారాక మళ్లీ తేటపడాలి, గాలి వల్ల అయితే పడదు. రెండు నాళికలు పెట్టారు, ఒకటి బిరడా బిగించి వేడి చేసింది, రెండోది గొట్టంతో ఊదింది. రెండింటి మీదా పేర్లు అంటించి కిటికీలో పెట్టి వెళ్లారు.

పొద్దున వచ్చి ఊపి చూస్తే ఊదింది అలాగే తెల్లగా ఉంది. వేడి చేసింది దాదాపు తేటపడింది, అడుగున కాస్త తెల్లటి పొర మాత్రం మిగిలింది. ఆ పొర ఏంటో సోమవారం నిమ్మరసం చుక్క వేసి బుడగలు వస్తాయో లేదో చూస్తాం, గాలి వల్ల ఏర్పడిందైతే బుడగలు రావాలి. ఆ పిల్ల రికార్డులో మాత్రం "కొంచెం మిగిలింది" అని ఇప్పటికే పెన్నుతో రాసేసింది.