గాల్‌బ్లాడర్ నాది, పాలసీ గొడవ అమ్మానాన్నలది

కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైతే అందరిలాగే నేనూ గ్యాస్ అనుకున్నా. అంతకుముందు కూడా వచ్చి పోతుండేది, టాబ్లెట్ వేసుకుని కాసేపు పడుకుంటే తగ్గేది. ఈసారి తగ్గలేదు, నొప్పి వెనక్కి పాకి కుడి రెక్క కింద పట్టేసింది, కూర్చోలేను పడుకోలేను, వాంతులు, తెల్లారేసరికి జ్వరం. ఆస్పత్రిలో డాక్టరుగారు పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి నొక్కి "గట్టిగా ఊపిరి పీల్చమ్మా" అన్నారు, సగం పీల్చేసరికి ప్రాణం పోయినంత పనై ఊపిరి అక్కడే ఆగిపోయింది. ఆయన ఇంకేం అడగకుండా స్కానింగ్ రాసేశారు.

గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. ఒకటి సరిగ్గా మెడ దగ్గర ఇరుక్కుంది, గోడంతా వాచిపోయింది. లివర్ తయారుచేసిన పైత్యరసాన్ని దాచిపెట్టుకుని మనం తిన్నప్పుడల్లా పేగులోకి వదిలే చిన్న సంచీ అది, దారికి రాయి అడ్డం పడినా అది పిండుతూనే ఉంటుంది, ఆ నొప్పే ఇదంతా. నాన్న ఊరుకోకుండా "రాళ్ళు కరిగే మందులేమీ లేవాండీ" అని అడిగాడు. వాపు వచ్చాక మందులతో పని కాదు, ఆలస్యం చేస్తే చుట్టుపక్కల అతుక్కుపోయి ఆపరేషన్ ఇంకా కష్టమవుతుంది, వెంటనే తీసేద్దాం అన్నారు. సరే అన్నాం.

మా ఆయన పిల్లాడితో ఇంట్లో ఉండాల్సొచ్చింది కాబట్టి నాతో ఉన్నది అమ్మానాన్నలే. అమ్మ నా మంచం దగ్గర, నాన్న కింద ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర. ఇక్కడో సంగతి చెప్పాలి, మా నాన్నకి 71, హెల్త్ ఇన్సూరెన్స్ మాటెత్తితే చాలు "రోగం రాకపోతే కట్టినదంతా దండగ, నా ఎఫ్‌డీలే నా ఇన్సూరెన్స్" అనే మనిషి. ఏళ్ళ తరబడి నేను ఫోన్‌లో చెప్పడం, ఆయన "చూద్దాంలే" అనడం, మధ్యలో అమ్మ టాపిక్ మార్చేయడం. అలాంటాయన నా కార్డు పట్టుకుని టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసేవాళ్ళు) కౌంటర్ ముందు లైన్లో నిలబడ్డాడు.

నాది కంపెనీ ఇచ్చిన పాలసీ, ఐదు లక్షలు, రూమ్ రెంట్ లిమిట్ అందులో ఒక శాతం, అంటే రోజుకి 5,000. ఆరోజు ఆ రేటు రూములు ఖాళీ లేవన్నారు, 8,000ది ఉందన్నారు. నాన్న లెక్కేసుకున్నాడు, మూడు వేలు తేడా, రెండ్రోజులుంటే ఆరు వేలు, పోతే పోనీ అని సంతకం పెట్టబోతుంటే కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆపింది. "సార్, తేడా రూముకి మాత్రమే కాదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు, నర్సింగ్ ఇలాంటివన్నీ కూడా ఎనిమిదిలో ఐదు వంతులే ఇస్తారు, మిగతాది మీరే కట్టాలి" అంది. మందులకీ, టెస్టులకీ, ఐసీయూకీ ఈ కోత ఉండదు, మిగతా చాలావాటికి ఉంటుంది, పాలసీలో ఆ క్లాజ్ ఉంటే. నాన్న ఆ కాగితం అక్కడే రెండుసార్లు చదివి, షేరింగ్ రూమ్‌లో వేయమన్నాడు. నాకు ఇదంతా తర్వాత తెలిసింది, అప్పటికి నేను సెలైన్ బాటిల్ కింద మూలుగుతున్నా.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, మత్తిచ్చారు, లేచాను, పొట్ట మీద నాలుగు చిన్న ప్లాస్టర్లు. ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది, కోసిన చోట కంటే భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. లోపల కనబడటానికి పొట్టని కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు, మిగిలిపోయిన గ్యాస్ ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రమ్ కండరాన్ని రేపితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. నడిస్తే తగ్గుతుందన్నారు, నిజంగానే తగ్గింది. అమ్మ చెయ్యి పట్టుకుని కారిడార్లో అటూ ఇటూ, చేతిలో డ్రెయిన్ సంచీ.

డిశ్చార్జ్ రోజు మాత్రం సినిమా. డాక్టరు పొద్దున్నే వెళ్ళొచ్చన్నారు, ఫైనల్ అప్రూవల్ రావాలిగా. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే) రిక్వెస్ట్ మీద గంటలో తేల్చాలి, డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి, అంతకంటే లేటయి ఆస్పత్రి ఎక్స్‌ట్రా బిల్లేస్తే అది ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి. నేను ఫోన్‌లో అది తీసి చూపిస్తే నాన్న కళ్ళజోడు సవరించుకుని మరీ చదివి కౌంటర్‌కి వెళ్ళి టైమ్ రాయించుకొచ్చాడు. ఆయనలో ఉత్సాహం అప్పుడు మొదలైంది, ఇన్నాళ్ళూ నేను పెట్టిన వాట్సాప్ లింకులకి రానిది.

తర్వాత రెస్ట్ కోసం వాళ్ళింటికే వెళ్ళాను. బరువులెత్తొద్దు, నూనె తగ్గించు, కొన్నాళ్ళు మోషన్స్ లూజ్‌గా ఉండొచ్చు, ఇవే జాగ్రత్తలు. గాల్‌బ్లాడర్ లేకపోయినా పైత్యరసం లివర్ నుంచి నేరుగా పేగులోకి పోతుంది కాబట్టి బతుకు మామూలే, కొవ్వు ఎక్కువైతే కడుపు గుర్తుచేస్తుంది అంతే. పడుకుని పడుకుని బోర్ కొట్టి వాళ్ళకి పాలసీలు వెతకడం మొదలుపెట్టా.

నాన్నకి ఒక పాలసీ కాగితం చదవమని ఇచ్చా. రెండేళ్ళు వెయిటింగ్ పీరియడ్ ఉండే, అంటే పాలసీ తీసుకున్న రెండేళ్ళ దాకా క్లెయిమ్ ఇవ్వని జబ్బుల లిస్ట్ దగ్గర ఆగిపోయాడు. కంటి శుక్లాలు, హెర్నియా, పైల్స్, ప్రోస్టేట్, గాల్‌బ్లాడర్ రాళ్ళు, మోకీళ్ళ మార్పిడి. "ముసలాళ్ళకొచ్చేవన్నీ ఇందులోనే ఉన్నాయి కదే!" అన్నాడు. కరెక్టే కదా. నాకు ఆపరేషన్ వెంటనే అయింది కంపెనీ గ్రూప్ పాలసీ కాబట్టి, అందులో ఈ వెయిటింగ్ లేదు, అదే సొంతంగా కొత్తగా తీసుకున్న పాలసీ అయ్యుంటే ఆ బిల్లు మొత్తం మా జేబులోంచే. పాలసీ తీసుకునేసరికే ఉన్న జబ్బులకి విడిగా ఇంకో వెయిటింగ్, అది 2024 ఏప్రిల్ నుంచి ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళే, ఇంతకుముందు నాలుగేళ్ళ దాకా ఉండేది. కాబట్టి "అవసరమొచ్చినప్పుడు తీసుకుందాంలే" అనే మాటకి అర్థం లేదు, అవసరమొచ్చిన రోజున అది పనిచెయ్యదు.

ఇంతవరకూ బానే ఉంది. అసలు చిక్కు ఏంటంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగితే మాట్లాడేది నాన్న ఒక్కడే. "మాకేం జబ్బుల్లేవు, నాకు షుగరు, అది కంట్రోల్లోనే ఉంది." మాకు అంటాడు. అమ్మ తలూపుతుంది. ఓ మధ్యాహ్నం ఆయన బ్యాంకుకెళ్ళినప్పుడు అమ్మ నా ప్లాస్టర్లు మారుస్తుంటే మామూలుగా అడిగా, నీకేమైనా ఇబ్బందిగా ఉంటోందా అని. కాసేపాగి చెప్పింది. థైరాయిడ్ సంగతి నాకు తెలుసు, బీపీ టాబ్లెట్ కూడా వేసుకుంటోందని తెలీదు. రాత్రిళ్ళు ఎదురుగా వచ్చే బండి లైట్లు చెదిరిపోయి కనబడుతున్నాయట, పేపర్లో చిన్న అక్షరాలు ఆనడం లేదట. "మీ నాన్నకి చెప్తే డాక్టరు డాక్టరు అని హడావుడి చేస్తారే, ఖర్చు ఎందుకని ఊరుకున్నా" అంది. అమ్మకి 64. నాకు ఆపరేషనైతే మూడు రాత్రులు కుర్చీలో కూర్చుంది, తన కళ్ళ సంగతి మాత్రం నోరెత్తలేదు.

అందుకే చెప్తున్నా, అమ్మని విడిగా అడగండి. పాలసీ విషయంలో కూడా ఇద్దర్నీ ఒక కట్టగా చూడకపోవడమే మాకు పనికొచ్చింది. ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇద్దరికీ కలిపి ఒకే పాలసీ అయితే ప్రీమియం లెక్క పెద్దవాళ్ళ వయసుని బట్టి, అంటే నాన్న 71ని బట్టి అమ్మకీ కట్టాలి, పైగా ఉన్న మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి, ఒకళ్ళు ఒక్కసారి పెద్ద జబ్బుతో ఆస్పత్రిలో పడితే రెండోవాళ్ళకి ఏం మిగలకపోవచ్చు. అమ్మకి విడిగా తీసుకుందాం అన్నా.

మా నాన్నకి తెలిసిన ఏజెంట్ ఒకాయన వచ్చి "థైరాయిడ్, బీపీ రాయకండమ్మా, ఐదేళ్ళు దాటాక ఎవరూ అడగరు" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, 60 నెలలు ఆగకుండా కడితే ఆ తర్వాత ఏదో చెప్పలేదని క్లెయిమ్ తిప్పికొట్టడానికి వీల్లేదు, మోసం చేశారని రుజువైతే తప్ప. కానీ ఆ ఐదేళ్ళలో ఆస్పత్రికి వెళ్తే? నన్ను చేర్చినప్పుడు డ్యూటీ డాక్టరు "ఇంట్లో ఎవరికేం ఉన్నాయి" అని అడిగితే అమ్మ గడగడా "నాకు పదేళ్ళ నుంచి థైరాయిడండీ" అని చెప్పేసింది, ఆయన రాసేసుకున్నాడు. రేపు తను చేరినా అలాగే చెప్తుంది, కేస్ షీట్‌లో ఎక్కుతుంది, కంపెనీ వాళ్ళు మొట్టమొదట చదివేది ఆ కేస్ షీటే. అందుకని అన్నీ రాశాం. మెడికల్ టెస్టులు చేసి, ప్రీమియం కొంచెం పెంచి పాలసీ ఇచ్చారు. రూమ్ లిమిట్ లేనిదే కావాలని పట్టుబట్టింది నాన్న.

నాన్నకైతే ఆయన వయసుకి, షుగర్‌కి చెప్పిన ప్రీమియంలు చూసి నాకే నోరు పెగల్లేదు, ప్రతి క్లెయిమ్‌లో కో-పే కూడా, అంటే బిల్లులో కొంత వాటా మనమే కట్టాలి. అక్కడ ఆయన ఎఫ్‌డీ వాదనలో న్యాయం ఉందని ఒప్పుకోవాలి. 70 నిండినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి కుటుంబానికి ఐదు లక్షలిచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది కదా, 2024 అక్టోబర్‌లో మొదలైంది, వెయిటింగ్ లేదు, ఉన్న షుగర్‌కీ మొదటి రోజు నుంచే. ఆధార్‌తో చేయించేశాం. ఆ స్కీమ్‌లో చేరిన ఆస్పత్రుల్లోనే చెల్లుతుంది కాబట్టి దగ్గర్లో ఏవున్నాయో ముందే చూసి ఫ్రిజ్ మీద అంటించాం. నా కంపెనీ పాలసీలో కూడా నాన్న పేరుంది, నేను ఉద్యోగం మానేస్తే అది పోతుంది, అలా మానేటప్పుడు అదే ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర సొంత పాలసీగా మార్చుకోవచ్చు, గడిచిన వెయిటింగ్ కూడా కలుస్తుంది. వీటికి తోడు ఒక ఎఫ్‌డీ ముట్టుకోకూడదని పక్కన పెట్టాడు, దాని కాగితం అమ్మకి చూపించాడు కూడా. అది నేను అడగలేదు.

ఇప్పుడు నేను మామూలుగా ఉన్నా, తీసేసిన గాల్‌బ్లాడర్ బయాప్సీ రిపోర్ట్ కూడా బాగానే వచ్చింది, దాని ఖర్చు ఆస్పత్రి తర్వాతి ఖర్చుల కింద క్లెయిమ్ పెట్టా, ఇంకా రాలేదు. అమ్మ పాలసీ వచ్చింది. నచ్చకపోతే తిప్పి పంపడానికి 30 రోజులు టైముంటుంది కదా అని భూతద్దం పెట్టుకుని మొత్తం చదివింది, పేరులో ఓ అక్షరం తప్పుంటే తనే కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి మార్పించింది. నాన్న పక్క గదిలోంచి "కళ్ళ ఆపరేషన్‌కి ఎంతిస్తారో అడిగావా" అని అరిచాడు.

"రెండేళ్ళు ఆగాలిట. అందాకా ఎందుకు, రేపు డాక్టరు దగ్గరికెళ్ళి చూపించుకుందాం, ఎఫ్‌డీ ఉందిగా" అంది అమ్మ.