ఫ్యాను ఆపిన ఆదివారం

భోజనాలయ్యాక హాల్లో ఫ్యాను ఆపేసి టేబుల్ ముందు కూర్చున్నాను. ఇంట్లోవాళ్ళంతా విసుక్కుని బెడ్‌రూముల్లోకి పోయారు. సెప్టెంబరు ఉక్కపోత, పైగా మా కూకట్‌పల్లి ఫ్లాట్లో గాలి వచ్చేదే అంతంతమాత్రం. కానీ ఫ్యాను తిరుగుతుంటే ఈకలతో పని జరగదు.

అక్టోబరులో హిమాచల్ వెళ్ళాలి, తీర్థన్ నదిలో చేపల వేటకి. అక్కడి బ్రౌన్ ట్రౌట్ మన దేశపు చేప కాదు. 1909లో ఇంగ్లీషువాళ్ళు కులూ వైపు తెచ్చి పెంచారు. నవంబరు వచ్చిందంటే ఫిబ్రవరి దాకా వేట బంద్. అందుకే ఈ హడావిడి.

ఆ చేపకి వేసే ఎర ఫ్లై, అంటే గాలానికి ఈకా దారం చుట్టి పురుగులా కట్టేది. ఇవాళ కట్టింది ఆడమ్స్ అనే రకం. 1922లో అమెరికాలోని మిషిగన్‌లో లెన్ హాలడే అనే ఆయన మొదట కట్టాడు. ఇది ఫలానా పురుగు అని చెప్పలేం. నీటి మీద వాలే బూడిదరంగు పురుగులన్నిటి పోలికా కొంచెం కొంచెం ఉంటుంది. చేపకి ఆ మాత్రం చాలు. నాకైతే అచ్చు పురుగులా కట్టినవాటికంటే ఇలాంటి ఎటూకాని ఫ్లై మీదే నమ్మకం.

ఇది డ్రై ఫ్లై, అంటే నీటి మీద తేలే రకం. మునగకూడదు, అదే దాని పని. గాలం ఎంత సన్నటి తీగైనా ఇనుమే కదా, దాన్ని నీటి మీద మోసేది ఫ్లై మెడ చుట్టూ తిప్పే ఈక. పుంజు మెడ ఈకని గాలానికి అడ్డంగా చుడుతూ పోతే పోచలన్నీ చుట్టూ విచ్చుకుని నిలబడతాయి. వాటి కొసలు నీటి పైపొరని తెంపకుండా దాని మీద ఆనతాయి. అందుకే పోచ బిరుసుగా ఉండాలి. ఈక మొదట్లో ఉండే మెత్తటి నూగు నీళ్ళు పీలుస్తుంది కాబట్టి ముందే గిల్లేయాలి. పోచ పొడవు గాలం నోటి వెడల్పుకి ఒకటిన్నర రెట్లుంటే సరిగ్గా కూర్చుంటుంది. బ్రాయిలర్ కోడి ఈక దీనికి దండగ. నెలా పదిరోజులకే కోసేస్తే మెడ ఈక ఎప్పుడు ముదురుతుంది? ఏడాది దాటిన నాటు పుంజు కావాలి.

దారం మాత్రం మన దగ్గర కొదవలేదు. సికింద్రాబాద్ జనరల్ బజార్లో మగ్గం వర్క్ వాళ్ళు కొనే పట్టుదారం తెచ్చి, పోగు విడదీసి వాడుతున్నాను. ఒంటికి బూడిదరంగు బొచ్చు కావాలి. అసలు ఆడమ్స్‌కి మస్క్‌రాట్ అనే ఎలుకజాతి జంతువు బొచ్చు వాడారట, నాకు ఎదురింటి పిల్లిని దువ్వితే వచ్చింది సరిపోతోంది. దారానికి మైనం రాసి, ఆ బొచ్చుని వేళ్ళతో పురి తిప్పి చుట్టాలి. చాలనిపించిన దాంట్లో సగం తీసేస్తే సరిగ్గా ఉంటుంది.

నాలుగింటికి భీమవరం బాబాయ్ నిద్ర లేచి వచ్చాడు. వైసులో, అంటే గాలాన్ని పట్టి ఉంచే బిగింపులో, ఉన్న గాలాన్ని కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఏంట్రా ఇది, చేపకి పట్టుచీర కడుతున్నావా?"

"ఆ వాగుల్లో ఇదే తింటుంది బాబాయ్."

"మన కొర్రమీనుకి వానపాము చాలు. ఈ చేప మూసీలో దొరకదా?"

నీళ్ళు ఇరవై డిగ్రీలు దాటితే దానికి కష్టమని చెప్పాను. "అయితే మీ ఫ్రిజ్‌లోనే బతకాలి," అంటూ వెళ్ళి ఫ్యాను స్విచ్ వేశాడు.

రెండు వారాలుగా సైజులవారీగా ఏరి పెట్టుకున్న ఈకలు సోఫా కిందికీ, టీవీ వెనక్కీ, మా ఆవిడ ఆరబెట్టిన అప్పడాల మీదికీ పోయాయి. పాపం ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని ఏరాడు. ఏరుతూ ఒక్కొక్కటీ వెలుగులోకి పట్టి చూస్తున్నాడు.

"ఇది డేగ. ఇది కాకి. ఇదేంట్రా, పర్లా?"

ఆయన చేతిలో ఉన్నది నలుపూ తెలుపూ అడ్డచారల ఈక. ఆడమ్స్‌కి గోధుమరంగు ఈకా, ఇదీ రెండూ కలిపి చుడతారు. గోధుమరంగుది ఇక్కడ దొరుకుతుంది కానీ చారలది అమెరికా నుంచి తెప్పించాల్సిందే. అక్కడ ఈకల కోసమే పుంజుల్ని తరతరాలుగా ఎంచి పెంచుతారు, ధర కూడా అలాగే ఉంటుంది. పందేలంటే నాకు గిట్టదు, బాబాయ్‌కి తెలుసు. కానీ పుంజు రంగుల గురించి ఆయనకున్న చూపు నాకెప్పటికీ రాదు.

"ఇలాంటిది మా వీధిలో ఒకడి దగ్గరుంది. దసరాకి కూరొండుతాడు. మెడ తోలు ఉంచమననా?" అన్నాడు.

అప్పటికప్పుడే ఫోన్ చేశాం. ఈకలు తడపొద్దని, తోలుకి అంటిన కొవ్వు గీకేసి ఉప్పు రాయమని, అట్ట మీద సాగదీసి గుండుసూదులు గుచ్చి నీడలో ఆరబెట్టమని చెప్పాను. అవతలి మనిషి అంతా విని, "కూరలోకి మెడ ముక్క ఉంటుందా, ఉండదా?" అని అడిగాడు. ముక్క వాళ్ళకే, తోలు ఒక్కటే నాకు అన్నాక ఒప్పుకున్నాడు. దాన్ని హైదరాబాద్ బస్సెక్కించి ఎవరు తేవాలన్నదే ఇంకా తేలలేదు. పిన్ని మాత్రం తన బ్యాగులో పెట్టనివ్వనంటోంది.