ఇంటిపేరు మారింది సరే, కాగితం మారిందా?

పోయిన నెల నా ఫ్రెండ్ ఫోన్ చేసింది. తన మొదటి భర్త చనిపోయి ఆరేళ్ళు, రెండో పెళ్ళి అయి రెండేళ్ళు, బాబుకి ఇప్పుడు పదమూడు, మళ్ళీ తను ప్రెగ్నెంట్. "దత్తత అవీ ఏం లేకుండా బాబుకి ఈయన ఇంటిపేరు పెట్టుకోవచ్చా, రేపు ఎవరైనా తప్పంటారా" అని అడిగింది. పెట్టుకోవచ్చు అని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేయొచ్చు గానీ పెట్టలేకపోయా, ఎందుకంటే ఆ ఒక్క ముక్క నమ్ముకునే మా ఇంట్లో ముప్పై ఏళ్ళు గడిపేశాం.

నన్ను కన్న నాన్న నాకు మూడేళ్ళప్పుడు పోయారు. నేను నాన్న అని పిలిచింది, నన్ను సైకిల్ మీద స్కూల్ కి దింపింది, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంది అమ్మ రెండో పెళ్ళి చేసుకున్న ఆయన. రెండో క్లాసులో నా ఇనీషియల్ మార్పించారు. ఆ అడ్మిషన్ రిజిస్టర్ జిరాక్స్ ఇప్పటికీ నా దగ్గర ఉంది, నా పేరు ముందు ఉన్న 'వి' ని అడ్డంగా కొట్టేసి పైన 'కె' అని రాసి పక్కన హెడ్మాస్టర్ పొట్టి సంతకం, అంతే, అఫిడవిట్ లేదు ఏం లేదు. దత్తత తీసుకోమని ఎవరో అంటే నాన్న కోప్పడ్డారట, నా కూతుర్ని నేను దత్తత తీసుకోవడం ఏంటి అని. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళల్లో నీళ్ళు వస్తాయి, కానీ ఆ మాటే తర్వాత మమ్మల్ని ఇబ్బంది పెట్టింది.

ముందు ఫ్రెండ్ అడిగిందానికి జవాబు చెప్తా. మన దేశంలో పిల్లలు కన్న తండ్రి ఇంటిపేరే పెట్టుకోవాలి అని ఏ చట్టమూ లేదు. ఎవరినీ మోసం చేసే ఉద్దేశం లేకపోతే సవతి తండ్రి ఇంటిపేరు వాడుకోవడం నేరం కాదు. ఈ విషయం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు మన తెలుగు వాళ్ళదే. తండ్రి చనిపోయేటప్పటికి బిడ్డకి మూడు నెలలు కూడా లేవు, తల్లి తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుంది, 2008లో తాత నానమ్మ గార్డియన్‌షిప్ కోసం కేసు వేశారు. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బిడ్డకి పాత ఇంటిపేరే పెట్టాలి, రికార్డుల్లో వీలైన చోట కన్న తండ్రి పేరు చూపించాలి, వీలుకాకపోతే ఇప్పటి భర్తని సవతి తండ్రి అని రాయాలి అంది. అసలు ఇంటిపేరు మార్చమని ఆ తాత నానమ్మ అడగనే లేదు! 2022 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి బిడ్డకి భర్త ఇంటిపేరు ఇవ్వడంలో వింతేమీ లేదు అంది, సవతి తండ్రి అని కాగితాల్లో రాయమనడం దాదాపు క్రూరత్వమే, బిడ్డ మనసు మీద దాని ప్రభావం ఏంటో ఆలోచించలేదు అంది. ఇంట్లో అందరిదీ ఒకే ఇంటిపేరు అయి తన ఒక్కడిదే వేరేగా ఉంటే ఆ పిల్లాడికి అది రోజూ గుర్తొస్తూనే ఉంటుంది కదా. ఆ తీర్పు చదివిన రోజు నేను అమ్మకి ఫోన్ చేసి మొత్తం తెలుగులో చెప్పా, అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

కాకపోతే ఆ కేసులో కన్న తండ్రి లేరు. విడాకులై ఆయన బతికే ఉండి అభ్యంతరం పెడితే కథ వేరు, అప్పుడు కోర్టు బిడ్డ మంచి ఏది అనేదే చూస్తుంది.

ఇంటిపేరు వేరు, 'తండ్రి పేరు' అనే కాలమ్ వేరు, జనం తికమక పడేది ఇక్కడే. ఇంటిపేరు వాడుకోవడానికి అఫిడవిట్, పేపర్లో ప్రకటన, గెజెట్ సరిపోతాయి. తండ్రి కాలమ్‌లో దత్తత లేకుండా సవతి తండ్రి పేరు రాస్తే మాత్రం బర్త్ సర్టిఫికెట్ కి, మిగతా వాటికి పొంతన ఉండదు. నా బర్త్ సర్టిఫికెట్లో ఒక తండ్రి, టెన్త్ మెమోలో ఇంకో తండ్రి, ఈ రెండిటినీ కలపడానికి నేను తిరిగిన తిరుగుడు పగవాళ్ళకి కూడా వద్దు. పాస్‌పోర్టుకి 2016 చివర్లో రూల్స్ మార్చి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇస్తే చాలు అన్నారు, అమ్మ పేరు ఒక్కటే ఇచ్చి అక్కడ గట్టెక్కా.

అసలు దెబ్బ నాన్న పోయాక తగిలింది. వీలునామా రాయలేదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం అమ్మ, నేను, ఆయనకి పుట్టిన తమ్ముడు వెళ్తే అక్కడ కాగితాలు చూసే ఆయన నా బర్త్ సర్టిఫికెట్ తిరగేసి "అమ్మా, మీరు సొంత కూతురేనా" అని అడిగారు. చాలా మామూలుగా అడిగారు, ఆయన తప్పు కూడా కాదు. హిందూ వారసత్వ చట్టం 1956 లెక్కలో సవతి తండ్రి ఆస్తికి దత్తత తీసుకోని సవతి బిడ్డ క్లాస్ వన్, అంటే మొదటి వరుస, వారసురాలు కాదు, ముప్పై ఏళ్ళు ఆయన ఇంటిపేరు మోసినా సరే. తమ్ముడు అక్క వాటా అక్కకే అని గిఫ్ట్ డీడ్ రాసిచ్చాడు, కానీ వాడు మంచోడు కాబట్టి ఇచ్చాడు, ఇవ్వకపోతే నేను అడగడానికి లేదు.

చట్టాలు కూడా ఒక్కోటి ఒక్కోలా చూస్తాయి. ఆదాయపు పన్ను చట్టంలో బిడ్డ అంటే సవతి బిడ్డ కూడా, 2007 నాటి తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టంలో తండ్రి అంటే సవతి తండ్రి కూడా. అదే 1956 హిందూ మైనారిటీ (అంటే మైనర్ పిల్లల), గార్డియన్‌షిప్ చట్టంలో సహజ సంరక్షకుడు అనే దగ్గర సవతి తండ్రి రాడు అని స్పష్టంగా రాసుంది. ఆయన ముసలితనంలో చూసుకోవాల్సిన బాధ్యత నాకు ఉంది గానీ చిన్నప్పుడు నాకు గార్డియన్‌గా సంతకం పెట్టే హక్కు ఆయనకి లేదు, నాకు ఇది న్యాయంగా అనిపించదు.

ఇంకో భయం చాలామందికి ఉంటుంది, ఇంటిపేరు మారితే కన్న తండ్రి వైపు వాటా పోతుందని. పోదు. దత్తత వెళ్ళినా అప్పటికే బిడ్డకి సంక్రమించిన ఆస్తి బిడ్డదే, అక్కడి నుంచి ఆ వైపు సంబంధం మాత్రం తెగుతుంది, కాబట్టి ఆ వైపు పెద్దవాళ్ళ నుంచి ఇంకా రావాల్సింది ఏమైనా ఉంటే దత్తతకి ముందే లాయర్‌తో కూర్చుని చూసుకోవాలి.

అందుకే ఫ్రెండ్‌తో పేరు సంగతి తర్వాత, ముందు దత్తత చెయ్యి, అదీ డెలివరీ లోపు అన్నా. తను అర్థం కాక ఎందుకు అంది. హిందూ దత్తత, పోషణ చట్టం 1956 ప్రకారం కొడుకుని దత్తత తీసుకునే ఆయనకి అప్పటికే హిందూ కొడుకు ఉండకూడదు, పుట్టబోయేది బాబు అయితే ఆ దారి మూసుకుపోయినట్టే. పైగా మామూలుగా పదిహేనేళ్ళు నిండకముందే జరగాలి. నా విషయంలో తమ్ముడు అడ్డం కాదు, ఎందుకంటే కూతురికి కూతురే అడ్డం, నాకు వయసు దాటిపోయింది అంతే. ఈ చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే, మిగతా వాళ్ళకి, ఈ దారి కుదరని వాళ్ళకి జువెనైల్ జస్టిస్ చట్టం 2015 కింద కారా (దత్తతలు చూసే కేంద్ర సంస్థ) ద్వారా వెళ్ళొచ్చు, 2022 సెప్టెంబర్ నుంచి ఆ ఆర్డర్ కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తున్నారు. కన్న తండ్రి ఉంటే మామూలుగా ఆయన ఒప్పుకోవాలి, ఆయన బతికి లేకపోతే తల్లి ఇవ్వొచ్చు. హోమం తప్పనిసరి కాదు గానీ బిడ్డని ఇవ్వడం, పుచ్చుకోవడం మాత్రం నిజంగా జరగాలి, ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు సంతకం పెట్టి దత్తత పత్రం రిజిస్టర్ చేయిస్తే తర్వాత ఎవరైనా కాదన్నా కోర్టు ముందు దాన్నే నమ్ముతుంది. దత్తత అస్సలు కుదరకపోతే కనీసం వీలునామా రాయాలి, అందులో 'నా పిల్లలు' అని వదిలేయకుండా ఆ బిడ్డ పేరు పెట్టి రాయాలి.

మొన్న ఆదివారం డ్రాఫ్ట్ చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళా. బాబు అప్పటిదాకా ఫోన్ చూసుకుంటూ ఉన్నవాడు మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుని "ఆంటీ, మరి మా నాన్న పేరు ఇంకెక్కడా ఉండదా" అన్నాడు. వాళ్ళ అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను డ్రాఫ్ట్ వాడి చేతిలో పెట్టి ఫలానా వారి కుమారుడు అని ఉన్న లైన్ చూపించా, దత్తత పత్రంలో అది రాయకుండా కుదరదు నాన్నా అన్నా. వాడు ఆ పేరు పైకి చదివి, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తప్పుందని చెప్పి, లాయర్‌కి పంపేముందు పెన్ను అడిగి వాడే దిద్దాడు.